ప్రశ్నకు చోటిచ్చే పాఠశాల

(ప్లాటినం ఉత్సవాల సభలో పూర్వ విద్యార్థి, విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



‘బాలలు - స్వేచ్ఛాభావన’ అనే విషయం మీద మాట్లాడవలసిందిగా ఉత్సవ సంఘంవారు నన్ను కోరారు. స్వేచ్ఛ అంటే ఏమిటి, నిరంకుశత్వం అంటే ఏమిటి, ఆర్థిక వ్యవహారాలు ఏ విధంగా నడుస్తాయి, సక్రమంగా ఆలోచించడం ఎలాగ అన్న సంగతులను పిల్లలకు నేర్పడానికి పాఠశాల ఏమి చేయగలదన్నది ఇందులోని ప్రశ్న. ముప్పైఅయిదు సంవత్సరాలు సాంఘికశాస్త్రం బోధించినవాడిని గనుక ఇది నాకు సులభమని వారు భావించి ఉండవచ్చు. కాని ఈ విషయంలో నేను నేర్పినదానికంటె, నేర్పవలసిన క్షణంలో నేర్పలేకపోయినదే నాకు ఎక్కువగా జ్ఞాపకం ఉన్నది. అందుచేత ఆ తప్పుతోనే ప్రారంభిస్తాను.

మన పాఠశాల 1950లో పుట్టింది. భారత రాజ్యాంగం అమలులోకి వచ్చింది కూడా ఆ సంవత్సరం జనవరి 26వ తేదీననే. తెలంగాణ జిల్లాల నుండి బ్రతుకుతెరువు వెదుక్కుంటూ తరలివచ్చి, ఈ షోలాపూరులో మగ్గాన్ని నమ్ముకొని స్థిరపడిన మన పెద్దలు, తమ పిల్లలు తమ భాషలో నాలుగు అక్షరాలు నేర్చుకోవాలని ఈ బడిని నిలబెట్టారు. నేను ఇక్కడే పలక పట్టాను. ఇక్కడే 1975లో ఉపాధ్యాయుడనయ్యాను. నేను ఉద్యోగంలో చేరిన నెలలోనే, జూన్ 25వ తేదీ రాత్రి, దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు.

మరుసటి సంవత్సరం తొమ్మిదవ తరగతి విద్యార్థులను వక్తృత్వపు పోటీకి సిద్ధం చేసే పని నాకు అప్పగించారు. అత్యవసర పరిస్థితి వల్ల దేశానికి కలిగిన మేలు అన్నది విషయం. పత్రికలలో వచ్చిన వార్తలను నల్లబల్ల మీద వరుసగా వ్రాశాను. రైళ్లు వేళకు నడుస్తున్నాయి. కార్యాలయాలలో ఉద్యోగులు సమయానికి కుర్చీలలో కనబడుతున్నారు. వెట్టిచాకిరి రద్దుకు చట్టం వచ్చింది. వెనుక వరుసలోని ఒక పిల్లవాడు లేచి నిలబడ్డాడు. తండ్రి మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాడు. తల్లి బీడీలు చుట్టేది.

“సార్, పేపర్ల అన్ని మంచి ముచ్చట్లే వస్తున్నయి. చెడ్డది ఒక్కటి గూడ లేదు. నిజంగనే లేదా, రాయనిస్తలేరా? మనకెట్ల తెలుస్తది?” అన్నాడు.

ఆ ప్రశ్నకు సమాధానం నాకు తెలుసు. పత్రికల మీద ముందస్తు తనిఖీ ఉన్నదని తెలుసు. ఒక ఆంగ్లపత్రిక తన సంపాదకీయపు చోటును ఖాళీగా వదిలి అచ్చువేసిన సంగతి తెలుసు. అయినా తలుపు వైపు ఒకసారి చూసి, “ఇది సిలబస్సులో లేదు, కూర్చో” అన్నాను. పిల్లవాడు కూర్చున్నాడు. తక్కిన నలభై మంది ఆ రోజు నా దగ్గర ఒక పాఠం నేర్చుకున్నారు. నల్లబల్ల మీద వ్రాసిన పాఠం కాదు. ప్రశ్న ప్రమాదకరమన్న పాఠం. రాజ్యాంగ ప్రవేశికలోని స్వేచ్ఛలను తప్పు లేకుండా అప్పజెప్పగలిగే తరగతిలో, స్వేచ్ఛను ఒక్క మాటతో నేనే కొట్టివేశాను.

అప్పటినుండి నా మనస్సులో స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే. స్వేచ్ఛ అనేది విడిగా చెప్పదగిన పాఠం కాదు. అది తరగతి గది నడిచే పద్ధతి. గురువు మాటే ప్రమాణంగా నడిచే గదిలో స్వేచ్ఛను గురించి ఎంత చక్కగా బోధించినా పిల్లవాడికి అబ్బేది అణకువ మాత్రమే. సకారణంగా అడిగిన ప్రశ్నకు సకారణంగా సమాధానం దొరికే గదిలో గణితం చెప్పినా, చరిత్ర చెప్పినా స్వేచ్ఛాపాఠమే అవుతుంది. తరువాతి సంవత్సరాలలో నేను పిల్లలకు మూడు ప్రశ్నలు అలవాటు చేయడానికి ప్రయత్నించాను. వాటిని ఈ సభకు నివేదిస్తాను.

మొదటిది: నీకెలా తెలిసింది?

పంచతంత్రంలోని మేకపోతు కథ మీరందరూ ఎరిగినదే. బ్రాహ్మణుడు మేకను భుజాన వేసుకొని పోతుండగా ముగ్గురు ధూర్తులు దారి పొడవునా ఒకరి తరువాత ఒకరు ఎదురై, కుక్కను మోసుకుపోతున్నావేమని అడిగారు. మూడవవాడు కూడా అదే మాట అనేసరికి ఆయన మేకను వదిలిపెట్టి వెళ్లిపోయాడు. ముగ్గురు చెప్పినంత మాత్రాన మేక కుక్క కాదు. భుజాన ఉన్న జంతువును ఒకసారి దింపి చూసుకొంటే సరిపోయేది. పదిమంది అన్నారన్నది ఒక ఆధారం కాదు. ఆ పదిమందీ ఒకచోట కూడబలుక్కున్నారేమో చూడాలన్నది ఈ కథలోని తర్కం. నేడు ప్రతి చేతిలోను ఒక ఫోను ఉన్నది. ఒకే మాట ముగ్గురి నుండి కాదు, మూడువందల మంది నుండి గంటలో వచ్చి చేరుతున్నది. ధూర్తులు పెరిగారు, మేకను దింపి చూసే తీరిక తగ్గింది.

ఈ ప్రశ్నను మనకు నచ్చని మాటల మీదనే ప్రయోగిస్తే చాలదు. ప్రియమైన మాటల మీద కూడా ప్రయోగించాలి. మన ఊరి నాలుగు విగ్రహాల దగ్గరకు పిల్లలను తీసుకొని వెళ్లేవాడిని. 1930 మే నెలలో గాంధీజీని నిర్బంధించినప్పుడు షోలాపూరు మిల్లు కార్మికులు సమ్మె చేశారు. పోలీసులు కాల్పులు జరిపారు. ప్రజలు తిరగబడ్డారు. మే 12న ప్రభుత్వం ఈ ఊరిలో సైనికశాసనం విధించింది. జాతీయ పతాకం పట్టినవారికి శిక్షలు పడ్డాయి. పోలీసుల హత్యా నేరం మోపి మల్లప్ప ధనశెట్టి, శ్రీకిసన్ సారడా, అబ్దుల్ రసూల్ కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందేలను 1931 జనవరి 12న ఎరవాడ కారాగారంలో ఉరితీశారు.

ఇంతవరకు చెప్పి, “ఇవన్నీ మనకెలా తెలిశాయి?” అని అడిగేవాడిని. ప్రభుత్వ పత్రాలు ఒక విధంగా చెబుతాయి. ఇంటి పెద్దల జ్ఞాపకాలు మరొక విధంగా చెబుతాయి. తుపాకి గుండుకు కూలిన పౌరులు ఉన్నారు. గుంపు చేతిలో మరణించిన పోలీసులూ ఉన్నారు. రెండవ సంగతి చెప్పకపోతే మొదటి సంగతి కూడా సగమే చెప్పినట్లు. ఒక పెద్దమనిషి నన్ను పిలిచి, “పిల్లలకు ఇదంతా ఎందుకండీ, దేశభక్తి తగ్గదా?” అన్నారు. తగ్గదనే నా అనుభవం. నిజం మొత్తం తెలిసిన తరువాత కూడా ఆ నలుగురి ముందు తలవంచిన పిల్లల భక్తి నిలుకడ గలది. సగం నిజంమీద కట్టిన భక్తి, మిగిలిన సగం బయటపడిననాడు కూలుతుంది.

రెండవ ప్రశ్న: ఆ తరువాత ఏమవుతుంది?

అర్థశాస్త్రమంటే పిల్లలకు భయం. కాని మన పిల్లలకు ఆ శాస్త్రం ఇంటి వసారాలోనే ఉన్నది. ఒక టవెలుకు నూలు, రంగు, కరెంటు, కూలి అన్నీ కలిపి 80 రూపాయలు ఖర్చయిందనుకోండి. బీదలకు మేలు చేయాలన్న సదుద్దేశంతో ఒక అధికారి, “రేపటినుండి 70 రూపాయలకే అమ్మాలి” అని ఆజ్ఞ వేశాడనుకోండి. ఈ మాట చెప్పగానే తరగతి అంతా చప్పట్లు కొట్టేది. “మంచిది. ఆ తరువాత ఏమవుతుంది?” అనేవాడిని. కొంత సేపటికి ఒకరు, “సావుకారి మగ్గం ఆపుతడు” అనేవారు. “మా నాయనకు పని ఉండదు” అని మరొకరు. “టవెళ్లు దాచిపెట్టి చాటుగ వంద రూపాయలకు అమ్ముతరు” అని ఇంకొకరు. సదుద్దేశం వేరు, ఫలితం వేరు అన్న సంగతి పుస్తకం తెరవకుండానే బోధపడేది. ధర అనేది కేవలం వర్తకుని దురాశ కాదు. పత్తి పంట ఎట్లా ఉన్నది, నూలు ఎంత దొరుకుతున్నది, కొనేవారు ఎందరున్నారు అన్న కబురును ఊరూరికీ మోసుకుపోయే వార్తాహరుడు. వార్తాహరుని గొంతు నొక్కితే కరవు పోదు. కరవు వార్త మాత్రమే పోతుంది.

అయితే పాఠం ఇక్కడ ఆపడం న్యాయం కాదు. ఎదురు లెక్క కూడా వేయించేవాడిని. నూలు ఇచ్చేవాడు ఒక్కడే, బట్ట కొనేవాడూ ఆ ఒక్కడే అయితే? నేతగాడు పెళ్లికో, జబ్బుకో ముందుగా అప్పు తీసుకున్నాడు. అది తీరేవరకు వేరొక షెడ్డుకు పోకూడదన్నది షరతు. ఇక్కడ ధర చెప్పేది అంగడి కాదు, అప్పుల ఖాతా పుస్తకం. ఇంట్లో తల్లి వెయ్యి బీడీలు చుట్టి ఇస్తుంది. కార్ఖానాలో కొన్నిటిని నాసిరకమని ఏరి పక్కన పెడతారు. వెయ్యికి యాభై తీసివేస్తే ఆమె కూలిలో ఎంత భాగం పోయినట్లు? వంద తీసివేస్తే ఎంత? ఏరినవాడి లెక్క తప్పని చెప్పడానికి ఆమెకు అవకాశం ఉన్నదా? ఈ లెక్కలు వేసిన పిల్లలకు 1966లో వచ్చిన బీడీ కార్మికుల చట్టం గురించి చెబితే అది పరీక్ష కోసం గుర్తుపెట్టుకునే సంవత్సరంగా ఉండదు. అమ్మకు సంబంధించిన సంగతి అవుతుంది.

కాబట్టి ప్రభుత్వపు ఆజ్ఞ ఒక్కటే మనిషిని బంధిస్తుందనుకోవడం పొరపాటు. సొమ్ము ఒక్కటే బంధిస్తుందనుకోవడమూ పొరపాటే. రెండింటికీ మందు ఒకటే: వదలిపోయే దారి, కాదనే దారి ఉండడం.

ఇదే మూడవ ప్రశ్నకు దారి తీస్తుంది: కాదనే వీలు ఎవరికి ఉన్నది?

మళ్లీ పంచతంత్రానికే వెళదాము. అడవిలో సింహం విచ్చలవిడిగా వేటాడుతుండగా మృగాలన్నీ కలిసి, రోజుకొకరం వంతుల ప్రకారం వస్తామని ఒప్పందం చేసుకున్నాయి. చివరకు కుందేలు ఉపాయంతో సింహాన్ని బావిలో పడవేసింది. ఈ కథ నుండి ఏమి నేర్చుకున్నారంటే పిల్లలు, “బలంకంటె బుద్ధి గొప్పది” అంటారు. సరే. కాని కుందేలు వంతు రావడానికి ముందు ఆ అడవి ఎట్లా ఉన్నదో ఆలోచించమనేవాడిని. అక్కడ అల్లరి లేదు. పరుగులు లేవు. వంతు తప్పలేదు. సింహానికి భోజనం వేళకు అందుతున్నది. బయటివాడు చూస్తే ఎంత క్రమశిక్షణ అని మెచ్చుకొంటాడు. ఆ శాంతి ఎవరి శాంతి? ఒప్పందం చేసుకున్నది మృగాలే గనుక అది వాటి ఇష్టమేనా? ఈనాడు వంతు రానివాడు, ‘నా వంతు రేపు గదా’ అని మౌనంగా ఉండడం వల్లనే గదా ఆ ఏర్పాటు నడిచింది?

ఈ కథ చెబుతున్నప్పుడు నాకు ఆ 1976 నాటి తరగతి గది జ్ఞాపకం వచ్చేది. నల్లబల్ల మీద నేను వ్రాసినవి అబద్ధాలు కావు. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో వచ్చిన మాట నిజం. అది మంచి చట్టం. రాజ్యాంగంలో శాస్త్రీయ దృష్టిని పెంపొందించుకోవడం పౌరుని విధి అని చేర్చినది కూడా ఆ కాలంలో వచ్చిన 42వ సవరణే. మంచి మాటలు అధికారం నోట కూడా వస్తాయి. కాని అదే 1976లో, ఏప్రిల్ 28న, విచారణ లేకుండా నిర్బంధింపబడినవాడు అత్యవసర పరిస్థితిలో న్యాయస్థానం తలుపు తట్టజాలడని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయిదుగురిలో నలుగురు ఒక వైపు, జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే ఒక వైపు. ఆ తరువాత ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనను దాటి ఆయనకంటె చిన్నవారికి వెళ్లింది. ఆయన రాజీనామా చేశారు. 1978లో 44వ సవరణ, ప్రాణానికి, వ్యక్తిస్వేచ్ఛకు ఉన్న రక్షణను అత్యవసర పరిస్థితిలో కూడా నిలిపివేయకుండా కట్టుదిట్టం చేసింది. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పాత తీర్పును తోసిపుచ్చింది. నాడు ఒక్కరు కాదన్నారు. ఆ కాదన్న మాట నలభైఒక్క సంవత్సరాల తరువాత న్యాయమై నిలిచింది. పిల్లవాడు అడిగినది చెడ్డ వార్త ఉన్నదా అని మాత్రమే కాదు. ఉంటే చెప్పే వీలున్నదా అని. నిరంకుశత్వాన్ని గుర్తుపట్టడానికి అంతకంటె మంచి కొలబద్ద నాకు తెలియదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఈ మూడు ప్రశ్నలను నేర్పేవాడు వాటికి తాను కూడా లోబడాలి. సింహం తరగతి గదిలో కూడా ఉండవచ్చు. ఒకప్పుడు అది నేనే. మన రాజకీయాభిప్రాయాలను పిల్లలకు ఎక్కించడం స్వేచ్ఛాబోధన కాదు, వేరొక రంగు పూసిన అప్పజెప్పుడు మాత్రమే. మనకు నచ్చని పక్షాన్ని దాని ఉత్తమ వాదంతో చెప్పగలిగిననాడే మనం బోధకులం. నాకు తెలియదు అని తరగతిలో అనడానికి వెరవవద్దు. మొదటిసారి అన్నప్పుడు నాకు పరువు పోయినట్లనిపించింది. పిల్లలు మాత్రం కుర్చీల చివరకు జరిగి కూర్చున్నారు. అదే సమయంలో ప్రశ్న వేరు, పరిహాసం వేరు అని కూడా నేర్పాలి. ఎదుటివాడి సమాధానాన్ని చివరి దాకా వినడం ప్రశ్నలో రెండవ సగం.

తల్లిదండ్రులు అడగదగిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఇదంతా తెలుగులోనే ఎందుకు? వీధిలో మరాఠీ, ఉద్యోగానికి ఆంగ్లం, మధ్యలో హిందీ. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించడానికి రాష్ట్రాలు కృషి చేయాలని 1956లో చేర్చిన 350-ఏ అధికరణం చెబుతున్నది. అది మన హక్కు. కాని హక్కు ఉన్నదన్నంత మాత్రాన బడి నిలవదు. పిల్లలను ఆంగ్ల మాధ్యమానికి పంపిన తల్లిదండ్రులను భాషాద్రోహులని నిందించడం నాకు సమ్మతం కాదు. కాదనే వీలు వారికీ ఉండాలి గదా! నేను చెప్పగలిగినది ఇంతే. ఆ పిల్లవాడు ఆ రోజు అడిగిన మాటను ఇంటి మాటలలో అడిగాడు. వేరొక భాషలో వాక్యం కూర్చుకొని లేవవలసి వస్తే, అది కుదిరేలోపల గంట కొట్టేసేవారు. సందేహం మొదట పుట్టేది అమ్మతో మాట్లాడే భాషలోనే. ఆ తరువాత అదే ప్రశ్నను మరాఠీలో, ఆంగ్లంలో కూడా అడగగల శక్తినివ్వడం మన బాధ్యత. ఆ పని చేస్తే ఈ బడి నిలవడానికి కారణం ఉన్నది. చేయకపోతే, ఎన్ని ఉత్సవాలు జరిపినా తల్లిదండ్రులను ఒప్పించలేము.

ఆ పిల్లవాడి సంగతి చెప్పి ముగిస్తాను. తొమ్మిదవ తరగతితో అతడు చదువు మాని తండ్రి పనిచేసే షెడ్డులోనే చేరాడు. ఇంటి ఇబ్బందులే కారణమని తల్లి చెప్పింది. నా మాట కూడా కొంత కారణమేమో నాకు తెలియదు. 1977 మార్చి 21న అత్యవసర పరిస్థితి తొలగించారు. ఆ వారంలోనే నేను షెడ్డుకు వెళ్లాను. “నువ్వు అడిగినది సరైన ప్రశ్న. భయపడి నిన్ను కూర్చోబెట్టాను” అన్నాను. మరమగ్గాల మోతలో అతనికి వినబడలేదు. మళ్లీ అన్నాను, మళ్లీ వినబడలేదు. మూడవసారి గొంతెత్తి అరవవలసి వచ్చింది. షెడ్డులో ఉన్నవారందరూ విన్నారు. అతడు మగ్గం ఆపి, “అయితె జవాబు ఇప్పుడన్న చెప్పుండ్రి సార్” అన్నాడు. అక్కడే నిలబడి చెప్పాను.

అతని మనుమరాలు ఇప్పుడు మన బడిలో ఏడవ తరగతి చదువుతున్నది. ఈ ప్రత్యేక సంచిక పని నడుస్తుండగా ఆమె నా దగ్గరకు వచ్చి, “తాతా, బుక్కుల అన్ని మంచియే రాస్తరా?” అని అడిగింది. వంశం మారలేదని సంతోషించాను. అందుకే ఈ ప్రసంగాన్ని, ఇందులోని నా తప్పుతో సహా, ఒక్క మాట తీసివేయకుండా అచ్చువేయవలసిందిగా సంపాదక వర్గాన్ని కోరుతున్నాను.

చిరంజీవులారా, ఇప్పుడు మీ వంతు. నేను చెప్పినదానిలో ఒప్పుకోనిది ఏమైనా ఉంటే లేచి నిలబడి అడగండి. కూర్చోమని అనను.